శస్త్రచికిత్స పిమ్మట రోగి కంచము

వెనుకటి దినములలో ఫలానివారికి కడుపు కోసిరట యను మాట పుట్టినచో ఊరంతయు ఉలికిపడుచుండెడిది. నేడట్లు కాదు. హెర్నియాకును, అపెండిసైటిసునకును, పిత్తాశయములోని రాళ్ళకును, గర్భసంచి వ్యాధులకును, విరిగిన తుంటియెముకకును శస్త్రచికిత్స చేయించుకొనినవారు ప్రతి గ్రామమునను పదులకొలది యున్నారు. 2007లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ రాష్ట్రమున ఆరోగ్యశ్రీ పథకము ప్రారంభమైన పిదప బీద కుటుంబములవారు సైతము పెద్ద పట్టణముల ఆసుపత్రులకు పోయి ఈ చికిత్సలు పొందగలుగుచున్నారు. కోయుటయు, కుట్టుటయు వైద్యుని పని. అది కొన్ని గంటలలో ముగియును. గాయము మానుట వారములు, నెలలు పట్టు పని. అది చాలవరకు జరుగునది ఆసుపత్రిలో కాదు, మన వంటయింటిలో. ఈ రెండవ పనిని గూర్చి మన సభ్యుల కుటుంబములలో పాతుకొనియున్న కొన్ని అభిప్రాయములు రోగికి మేలు చేయుటకు మారుగా కీడు చేయుచున్నవి. కావున ఆ విషయమును కొంత విపులముగా వ్రాయబూనితిమి.

రైతులకు తెలిసిన సంగతితోనే మొదలుపెట్టుదము. గేదె ఈనినది. దానికేమి పెట్టుదుము? తవుడు, తెలగపిండి, పత్తిగింజలు, ఉలవ గుగ్గిళ్ళు. పాడి తగ్గకుండుటకును, పశువు చిక్కిపోకుండుటకును ఇవి కావలెనని చెప్పుటకు ఏ వైద్యుడును రానక్కరలేదు. పథ్యమని చెప్పి ఈనిన గేదెకు పదిదినములు వట్టి వరిగడ్డి మాత్రమే వేసిన రైతును మేమింతవరకు చూడలేదు. కాని అదే యింటిలో యజమానికి కడుపుకోత జరిగినచో ఆయన కంచములో పడునది యేమి? మెత్తని యన్నము, మిరియాల చారు, కొంచెము వెల్లుల్లి కారము, నీరు కలిపిన పలుచని మజ్జిగ. పప్పు కూడదు, గ్రుడ్డు కూడదు, చేప కూడదు, కొందరి యిండ్లలో పెరుగును కూడదు. ఇది మనుష్యునికి వరిగడ్డి పెట్టుటయే.

తెలగపిండిలో నున్నదియు, వరిగడ్డిలో చాలినంత లేనిదియు నగు పదార్థమునకే మాంసకృత్తులని పేరు. ప్రోటీనులని వైద్యులు చెప్పునవి యివియే. మన కండలు, చర్మము, రక్తములోని యెర్రపదార్థము, రోగములతో పోరాడు రక్షకద్రవ్యములు, గాయము నతుకు నారపోగులు, అన్నియు వీనితో కట్టబడినవే. బియ్యములోని పిండిపదార్థము పొయ్యిలోని కట్టె వంటిది. మాంసకృత్తులు గోడకట్టు ఇటుకల వంటివి. కట్టెలెన్ని తెచ్చినను వానితో గోడ లేవదు గదా.

శరీరమునకు గాయమైనప్పుడు లోపల ఏమి జరుగునో సుమారు నూరు సంవత్సరముల క్రిందటనే కనిపెట్టబడినది. స్కాట్లండు దేశమునందలి గ్లాస్గో నగరములో డేవిడ్ కత్బర్ట్‌సన్ అను శాస్త్రజ్ఞుడు 1930 ప్రాంతమున కాళ్ళ యెముకలు విరిగి ఆసుపత్రిలో చేరినవారి మూత్రమును దినదినమును పరీక్షించెను. అందులో నత్రజని అత్యధికముగా పోవుచుండుట ఆయన కంటబడెను. విరిగిన చోట నలిగిన కండ నుండి మాత్రమే వచ్చుటకు అది చాల ఎక్కువ. అనగా శరీరము తన కండలన్నిటినుండియు కొంచెము కొంచెముగా మాంసకృత్తులను కరిగించి ఇతరావసరములకు తరలించుచున్నదన్నమాట. శస్త్రచికిత్సయు శరీరము దృష్టిలో ఒక గాయమే. వైద్యుడు మంచికొరకే కోసెనని దానికి తెలియదు.

నత్రజని యనగా మన సభ్యులకు పరిచితమైన వస్తువే. మన సంఘములలో అమ్ము యూరియా బస్తాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. మాంసకృత్తులలో నత్రజని నూటికి సుమారు 16 పాళ్ళు. శరీరములో మాంసకృత్తులు కరిగినప్పుడు వానిలోని నత్రజనియు యూరియాగానే మారి మూత్రములో పోవును. ఈ లెక్క ప్రకారము రోగి తిన్నదానికంటె అధికముగా దినమునకు 10 గ్రాముల నత్రజని పోయినచో, 62 గ్రాములకు పైగా మాంసకృత్తులు పోయినట్లు. కండలో అయిదవ వంతు మాత్రమే మాంసకృత్తులు గనుక, అది రమారమి 300 గ్రాముల కండ కరిగినదానికి సమానము. ఇట్లు వారముదినములు జరిగిన మనుష్యుడు ఇంటికి వచ్చి, మెట్లెక్కలేకపోవుచున్నాననియు, తొడలు సన్నబడినవనియు చెప్పుటలో ఆశ్చర్యమేమున్నది? పెద్ద శస్త్రచికిత్స పిమ్మట మొదటి కొన్ని దినములలో ఈ నష్టమును ఏ యాహారమును పూర్తిగా నాపజాలదు. కాని తగ్గించగలదు; పిదప పోయినదానిని తిరిగి కూడబెట్టగలదు. చేలో వేసిన యెరువు కొంత వాననీటిలో కొట్టుకొనిపోయినదని మరల వేయుట మానుదుమా?

చికిత్సకు ముందే చిక్కియున్నవారి గతి ఇంకను కష్టము. అమెరికాలోని క్లీవ్‌లండు నగరమున హిరామ్ స్టడ్లీ అను వైద్యుడు 1936లో తన లెక్కలను ప్రకటించెను. జీర్ణకోశపు పుండునకు శస్త్రచికిత్స పొందిన రోగులలో, అంతకుముందే తమ బరువులో నూటికి 20 పాళ్ళకు మించి కోల్పోయినవారు మువ్వురిలో ఒకరు చొప్పున మరణించిరి. అంతగా చిక్కనివారిలో మరణములు నూటికి నాలుగునకు లోపే. నేటి మందులు, మత్తుపద్ధతులు నాటికి లేవు. కావున ఆ సంఖ్యలు నేటికి అట్లే వర్తింపవు. అయినను బలహీనుడైన రోగికి అపాయ మధికమను విషయము నేటికిని నిలిచియున్నది. మన రైతులు హెర్నియా శస్త్రచికిత్సను కోతలు, నూర్పిళ్ళు అయినదాక వాయిదా వేయుచుందురు. అది తప్పని మేము చెప్పము; వైద్యుడు సమ్మతించినచో వేయవచ్చును. కాని ఆ కోతల రద్దీలో సరిగా తినక, ఎముకలు తేలిన శరీరముతో నేరుగా శస్త్రశాలకు పోవుట మంచిది కాదు. తేదీ ముందుగా నిర్ణయమైన చికిత్సకు రెండు మూడు వారముల ముందునుండియే మంచి భోజనము ప్రారంభింపవలెను.

ఇక ఎంత కావలెననెడి ప్రశ్న. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి శరీరపు బరువులో కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించినది. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. శస్త్రచికిత్సనుండి కోలుకొనువానికి కిలోకు 1.2 మొదలు 1.5 గ్రాముల వరకు కావలెనని నేటి వైద్యుల యభిప్రాయము. అనగా అదే మనిషికి 72 గ్రాములు మొదలు 90 గ్రాములు.

పైని చెప్పిన పథ్యపు కంచమును ఈ తూనికలో పెట్టి చూతము. దినమునకు 250 గ్రాముల బియ్యము వండి తినినచో, అంత తినుటయే రోగికి కష్టము గాని, తినెనే యనుకొందము, 20 గ్రాములు. పలుచని మజ్జిగ రెండు గ్లాసులు, 3 గ్రాములు. చూడవచ్చినవారు తెచ్చిన బ్రెడ్డు ముక్కలు రెండు, 4 గ్రాములు. రెండు పర్యాయములు కాఫీలోని పాలు, 3 గ్రాములు. చారులో లెక్కింపదగినది లేదు. మొత్తము 30. కావలసినదానిలో సగము కూడ కాలేదు. ఈ లోటును శరీరము ఎక్కడనుండి పూరించుకొనును? తన కండలనుండియే.

పప్పు తినినచో చీము పట్టునను మాట మన ప్రాంతములలో మిక్కిలి బలముగా నాటుకొనియున్నది. మేము పెద్దలయందు గౌరవము గలవారమే. వారు చెప్పిన పథ్యములలో కొన్ని మంచివియు గలవు; తేలికగా అరుగునది పెట్టుట, వేడివేడిగా వండి పెట్టుట, ఒక్కసారిగా ఎక్కువ పెట్టకుండుట మొదలగునవి. కాని చీము పప్పువలన పుట్టదు. చీము పుట్టునది గాయములో చేరిన సూక్ష్మక్రిములవలన. అవి చేరునది మురికి చేతులనుండియు, తడిసిన కట్టునుండియు, వైద్యుడు చెప్పని ఆకుపసరులు, పసుపుముద్దలు పూయుటనుండియు. రక్తములో చక్కెర అదుపు తప్పినవారికిని, చుట్ట బీడీలు మానని వారికిని చీముభయ మధికము. పొగాకు గాయమునకు చేరు రక్తమును తగ్గించును. క్రిములతో పోరాడు రక్షకద్రవ్యములు మాంసకృత్తులతోనే తయారగునని పైన చెప్పితిమి. కాబట్టి పప్పు మానిపించుట చీమును ఆపుట కాదు, చీమునకు ఎదురునిలుచు సైన్యమునకు తిండి ఆపుట. గ్రుడ్డు వేడిచేయుననియు, చేప గాయమును రేపుననియు అనుమాటలును ఇట్టివే. వంకాయ, గోంగూర మానవలెనని పట్టుబట్టువారితో మాకు తగవు లేదు. అవి మానినందున రోగికి పెద్ద నష్టము రాదు. పప్పు, గ్రుడ్డు, పాలు మానినచోనే నష్టము.

మరియొక భ్రమ సెలైను సీసాను గూర్చినది. ఇంటికి వచ్చిన పిదప నీరసముగా నున్నదని గ్రామములోనే ఒక సీసా ఎక్కించుకొనువారు చాలమంది. గ్లూకోజు కలిసిన అర్ధలీటరు సీసాలో నుండునది సాధారణముగా 25 గ్రాముల చక్కెర, మిగిలినది నీరు. వట్టి ఉప్పునీటి సీసాలో అదియును లేదు. మాంసకృత్తులు ఒక్క గ్రామును లేవు. కొబ్బరినీళ్ళు దాహమునకు మంచివే గాని బలమునకు లెక్కకు రావు. ఇక డబ్బాలలో అమ్ము పొడులు. పాలలో కలుపుకొను తియ్యని పొడులలో పెక్కింటియందు ధాన్యపు పిండియు చక్కెరయునే యధికము. డబ్బాపై నూరు గ్రాములకు ప్రోటీను ఎంతయో ముద్రించియుండును, కొనుటకు ముందు చదివించుకొనవలెను. వెన్న తీసిన పాలపొడిలో నూటికి 35 పాళ్ళ వరకు మాంసకృత్తులు గలవు, ధరయు మితము. నోటితో తినగల రోగికి ఖరీదైన డబ్బా తప్పనిసరి కాదు.

మన పొలములలో పండునవియే ఈ లోటును తీర్చగలవు. కంది, పెసర, మినుము, సెనగ, ఉలవ, వీనిలో ఏదైనను నూరు గ్రాములకు 21 మొదలు 24 గ్రాముల మాంసకృత్తులు గలవు. వేరుసెనగ పప్పులోను అంతే. సోయాతో చేసిన మీల్‌మేకర్‌లో సగము వంతు. ఇక్కడ ఒక సూక్ష్మము గలదు. బియ్యములోని మాంసకృత్తులలో ఒక భాగము కొరత. పప్పులో ఆ భాగము సమృద్ధి, మరియొకటి కొరత. రెండును కలిపి తినినచో ఒకదాని కొరతను మరియొకటి తీర్చును. కనుక పప్పన్నము, పులగము, ఇడ్లీ అను మన వంటకములు రుచికి మాత్రమే పుట్టినవి కావు.

వండు విధానములోను జాగ్రత్త యవసరము. రోగికి అరగదని పప్పుకట్టు పైతేట మాత్రమే పోసి, పప్పును ఇంటివారు తినుట కలదు. పైతేటలో ఉండునది స్వల్పము. పెసరపప్పును నానబెట్టి, మెత్తగా ఉడికించి, చిక్కగా మెదిపి, ఇంగువ, జీలకర్రలతో పెట్టినచో పొట్టయుబ్బరము తక్కువగును. పెసరతో మొదలుపెట్టి వారము గడచిన పిదప కందికి పోవచ్చును. ఉలవచారు సంగతి మరియు విచిత్రము. ఉడికించిన నీటిని మనము చారు కాచుకొని, గుగ్గిళ్ళను ఎడ్లకు పెట్టుచుంటిమి. మాంసకృత్తులలో అధికభాగము ఎద్దు కడుపులోనికే పోయినది! ఎద్దు దున్నుచున్నంతకాలము ఆ న్యాయము చెల్లినది. ట్రాక్టరు వచ్చిన పిమ్మటనైన గుగ్గిళ్ళను మనుష్యులు తినవచ్చును.

ఒక్కొక్క కోడిగ్రుడ్డులో 6 గ్రాములు. ఉడికించియే పెట్టవలెను, పచ్చిది పనికిరాదు. చేపలో గాని కోడిమాంసములో గాని నూరు గ్రాములకు 18 మొదలు 20 గ్రాములకు తక్కువ కాకుండ ఉండును. గేదెపాలు ఒక గ్లాసు, పావులీటరు, 9 గ్రాములు.

ఇప్పుడు 60 కిలోల రోగికి దినచర్య నొకటి లెక్కింతము. ఉదయము 60 గ్రాముల పెసలతో పెసరట్లు, 14. నడిజామున ఒక గ్లాసు పాలు, 9. రెండు పూటలకును కలిపి 200 గ్రాముల బియ్యము, 15. 60 గ్రాముల కందిపప్పు, 13. రెండు గ్రుడ్లు, 12. ఒక పెద్ద గిన్నెడు గట్టి పెరుగు, 6. సాయంకాలము గుప్పెడు వేయించిన వేరుసెనగ పప్పు గాని దానితో చేసిన పచ్చడి గాని, 7. మొత్తము 76 గ్రాములు. చేప దొరకిన దినమున 90 దాటును. గ్రుడ్డు ముట్టనివారు దానికి బదులు 25 గ్రాముల మీల్‌మేకర్‌ను కూరగా వండుకొనినచో సరిపోవును. కార్తికమాసములో ఒంటిపూట భోజనము చేయు నియమము గలవారు ఆ సంవత్సరమునకు దానిని వాయిదా వేసికొనుట మేలు. మాంసకృత్తులు ఒక్కపూటనే పెద్దమొత్తముగా తినిన శరీరము గాదెలో ధాన్యమువలె నిలువచేయలేదు; పూట పూటకును పంచవలెను. రోగికి ఆకలి మందగించియుండును గనుక ఐదారు చిన్న పూటలే అనుకూలము. చారన్నముతో కడుపు నింపిన పిదప పప్పు పెట్టుటకంటె, పప్పు, గ్రుడ్డు ముందుగా పెట్టి అన్నము తరువాత పెట్టుట యుక్తి. అట్లని అన్నము మానరాదు. కట్టెలు చాలకున్న శరీరము ఇటుకలనే పొయ్యిలో వేయును.

గాయము నతుకు నారపోగులు గట్టిపడుటకు సి విటమిను కూడ కావలెను. ఉసిరి, జామ, నిమ్మ మనకు కరువు కావు. నిమ్మరసము పొయ్యి దింపిన పిమ్మట పిండవలెను. వైద్యుడు లేచి నడువమనిన దినమునుండి నడువవలెను. కదలని కండకు ఎంత తిండి పెట్టినను పెరుగదు. అయితే నడక వేరు, బరువు లెత్తుట వేరు. కుట్టిన చోటు మూడు వారములకు మునుపటి బలములో అయిదవ వంతు ప్రాంతమునకు, ఆరు వారములకు సగమునకు వచ్చును. మూడు నెలలకైనను నూటికి 80 పాళ్ళు మించదు. పైచర్మము అతికినది గదా యని నెలదినములకే ధాన్యపు బస్తా భుజమున వేసికొనిన రైతునకు హెర్నియా తిరిగివచ్చు భయము గలదు.

ఈ వ్యాసము చదివి అందరును ఒకే విధముగా నడువరాదు. ప్రేగులకు, జీర్ణకోశమునకు చికిత్స జరిగినవారు ఏ దినమున నీరు, ఏ దినమున మెత్తని యన్నము తినవలెనో వైద్యుడే చెప్పవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారి లెక్క వేరు. ఆ వ్యాధిలో మాంసకృత్తులను తగ్గించవలసిన దశయు, డయాలిసిసు ప్రారంభమైన పిమ్మట పెంచవలసిన దశయు గలవు. శ్రీకాకుళము సీమలోని ఉద్దానమునందు ఈ వ్యాధి విశేషముగా వ్యాపించియుండుట తెలిసినదే. అచ్చటివారు క్రియాటినైను పరీక్ష ఫలితమును వైద్యునికి చూపకుండ ఆహారమును మార్చుకొనరాదు. కాలేయవ్యాధి గలవారును అడిగియే మార్చుకొనవలెను. మధుమేహము గలవారికి గంజి, బ్రెడ్డు, గ్లూకోజు నీళ్ళకంటె పప్పు, గ్రుడ్డు, పెరుగు మేలైనవి. ఇవి రక్తములో చక్కెరను అంతగా పెంచవు.

కడపట స్త్రీలను గూర్చి ఒక మాట. శస్త్రచికిత్స యజమానికి జరిగినచో ఇంటివారందరును చుట్టు చేరుదురు. ఇల్లాలికి గర్భసంచి తీసినను, కడుపుకోసి బిడ్డను తీసినను, ఆమె పదిదినములకే పొయ్యియొద్దకు వచ్చి, అందరును తినిన పిదప గిన్నె అడుగున మిగిలినది తినుచున్నది. బాలింతరాలి గతి ఇంకను అన్యాయము. గాయము మానవలెను, బిడ్డకు పాలు రావలెను. పాలిచ్చు తల్లికి మొదటి ఆరునెలలు మామూలుకంటె దినమునకు సుమారు 17 గ్రాముల మాంసకృత్తులు అదనముగా కావలెను. అట్టి యామెకు కారప్పొడి యన్నమును, కొలిచి పోసిన నీళ్ళును! ఆ యింటనే తెల్లవారుజామున పితికిన పాలన్నియు బిందెతో పాలకేంద్రమునకు పోవుచుండును. పాలుపోయు సభ్యులను మేము కోరునది పెద్ద త్యాగము కాదు. కోలుకొనుచున్న వ్యక్తి కొరకు దినమునకు అర్ధలీటరు, బిందె కేంద్రమునకు కదలకముందే విడిగా తీసి ఇంట నుంచవలెను. గేదెపాలైనచో అందు 18 గ్రాముల మాంసకృత్తులు గలవు. ఆరు వారములు ఇట్లు చేసినను కేంద్రపు పుస్తకములో తగ్గునది 21 లీటర్లు మాత్రమే.